వాడకుండా మిగిలిన రిటర్న్ టికెట్: ఒక విమాన ప్రమాద కేసు పూర్వాపరాలు

విమాన ప్రమాద కేసులు నేను చేసినవి ఎక్కువేమీ లేవు. వాటిలో దీని గురించే రాయడానికి ఒక కారణం ఉంది. పరిహారం ఎంత అన్న మాట రాకముందే, అసలు ఏ చట్టం వర్తిస్తుంది, ఏ కోర్టుకు వెళ్లొచ్చు అనే రెండు ప్రశ్నలనూ ఒక ప్రింటు కాగితం తేల్చేసింది. ఆ కాగితాన్ని ఆ ఇంట్లో వాళ్లు పాత బిల్లులతో పాటు పారేయబోయి ఆగారు. కుటుంబం అనుమతి తీసుకునే రాస్తున్నాను. మనుషుల పేర్లు, దేశాల పేర్లు, ఎయిర్‌లైన్ పేరు చెప్పను. చివరికి ఎంత వచ్చిందో కూడా చెప్పను, సెటిల్‌మెంట్‌లో గోప్యత షరతు ఉంది.

చనిపోయినాయన ఇంజినీరు, 38 ఏళ్లు. కంపెనీ మూడేళ్ల పని మీద వేరే దేశం పంపింది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లిదండ్రులు సొంత దేశంలోనే ఉన్నారు. సెలవుకు వచ్చి, మూడు వారాలుండి, తిరిగి డ్యూటీకి బయల్దేరాడు. మధ్యలో విమానం మారాల్సిన ఎయిర్‌పోర్టులో దిగుతుండగా జోరు వాన. విమానం తడి రన్‌వే మీద ఆగకుండా చివర దాటి పోయి, గట్టు కిందకు జారింది. ముందు వరసల్లో కొందరు బతికారు. ఈయన వెనక కూర్చున్నాడు.

ఆయన భార్య నా దగ్గరకు వచ్చింది ప్రమాదం జరిగిన 18వ రోజున. వెంట మామగారు, తమ్ముడు. ఆమె చేతిలో ఒక ఫైలు, మామగారి చేతిలో ఎయిర్‌లైన్ వాళ్లు ఇచ్చిన నాలుగు పేజీల ఫారం. "సంతకం పెడితే వారంలో అడ్వాన్స్ వేస్తామన్నారండీ. పెట్టేయమంటారా?" అని పెద్దాయన అడిగాడు. అంత్యక్రియల ఖర్చు, పిల్లల ఫీజులు, ఇంటి లోను వాయిదా, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఆయన తొందర నాకు అర్థమైంది.

ఫారం మొదటి రెండు పేజీలు మామూలువే: పేరు, బంధుత్వం, బ్యాంకు ఖాతా. మూడో పేజీలో ఏడో క్లాజు దగ్గర ఆగాను. ఎయిర్‌లైన్ మీదే కాదు, విమానం తయారు చేసిన కంపెనీ, విడిభాగాలు సరఫరా చేసినవాళ్లు, ఎయిర్‌పోర్టు నిర్వాహకులు, వీళ్లందరి బీమా సంస్థలు, ఎవరి మీదా ఏ దేశంలోనూ ఎప్పటికీ ఏ దావా వేయమని ఒప్పుకుంటున్నట్టు ఉంది. అక్షరాలు మిగతా పేజీల కంటే చిన్నవేం కాదు. దాచిపెట్టలేదు, కాకపోతే అడ్వాన్స్ ఫారంలో అలాంటిది ఉంటుందని ఎవరూ వెతకరు.

2018లో లయన్ ఎయిర్ ప్రమాదం తర్వాత ఇలాంటి హక్కుల విడుదల పత్రాల మీద పెద్ద వివాదమే నడిచింది. 189 మంది చనిపోయిన ఆ ప్రమాదంలో విమానంలోని సాఫ్ట్‌వేర్ లోపం బయటపడేసరికే కొన్ని కుటుంబాలు తయారీదారు మీద హక్కులు వదులుకుంటూ సంతకాలు చేసేశాయి. అందుకే నేను మొదటి మీటింగులో చేసే మొదటి పని, ఇప్పటిదాకా ఎక్కడెక్కడ సంతకాలు పెట్టారో అడగడం. ఈ కుటుంబం అదృష్టం, ఎక్కడా పెట్టలేదు.

అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో ఎయిర్‌లైన్ పరిహార బాధ్యతను తేల్చేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. అందులో 28వ అధికరణం అడ్వాన్స్ గురించే. ఎయిర్‌లైన్ సొంత దేశం చట్టం అడిగితే, కుటుంబం తక్షణ అవసరాలకు ఆలస్యం చేయకుండా డబ్బివ్వాలి. ఇచ్చినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు, తర్వాత వచ్చే పరిహారంలోంచి దాన్ని మినహాయించుకోవచ్చు. యూరప్ ఎయిర్‌లైన్స్‌కైతే మరణం విషయంలో 16,000 ఎస్‌డీఆర్‌కు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క, ఐదు పెద్ద కరెన్సీల విలువ కలిపి కట్టేది) తగ్గకుండా, హక్కుదారు ఎవరో తేలిన 15 రోజుల్లో ఇవ్వాలని రూలే ఉంది. ఎక్కడైనా అడ్వాన్స్‌కు రసీదు చాలు. హక్కులు వదులుకోనక్కర్లేదు. ఏడో క్లాజు కొట్టేసి, ఒక పేజీ రసీదు తయారు చేసి పంపాను. ఎయిర్‌లైన్ లాయర్లు పది రోజులు నాన్చి, ఒప్పుకున్నారు. డబ్బు వచ్చింది.

నేను చేసిన తప్పు

ఆ మొదటి మీటింగులోనే ఒక అంకె చెప్పాను. అది చెప్పి ఉండాల్సింది కాదు.

మాంట్రియల్ ఒప్పందం కింద ప్రయాణికుడి మరణానికి మొదటి అంచె మొదట్లో 1,00,000 ఎస్‌డీఆర్. 2009 డిసెంబరు 30 నుంచి 1,13,100. 2019 డిసెంబరు 28 నుంచి 1,28,821. 2024 డిసెంబరు 28 నుంచి 1,51,880. మా ప్రమాదం జరిగిన తేదీకి 1,28,821 వర్తిస్తుంది. ఈ అంచె వరకు ఎయిర్‌లైన్ "మా తప్పు లేదు" అని తప్పించుకోవడానికి వీల్లేదని పెద్దాయనకు చెప్పాను.

ఆయన విన్నది వేరు. ఇంటికెళ్లి, "అంత మొత్తం గ్యారంటీగా వస్తుందట, లాయరు గారు చెప్పారు" అన్నాడు. నిజానికి ఆ అంకె ఖాయంగా చేతికొచ్చే మొత్తం కాదు. జరిగిన నష్టం ఎంతో మనం రుజువు చేయాలి. రుజువైన నష్టంలో అంతవరకు తమ తప్పు లేదని ఎయిర్‌లైన్ వాదించడానికి వీల్లేదు, అంతే. ఈ అపోహ ఆ పెద్దాయన ఒక్కడిదే అనుకోకండి. 2010 మంగళూరు ప్రమాదం తర్వాత కేరళ హైకోర్టు సింగిల్ జడ్జి అది కనీస మొత్తమనే తీర్పు ఇచ్చారు, డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసింది. జడ్జీల మధ్యే తేడా వచ్చిన చోట, కొడుకును పోగొట్టుకుని మూడు వారాలు కాని మనిషికి ఒక్క మాటలో చెప్పి వదిలేశాను. ఆ అంకె రెండేళ్లకు పైగా మా ప్రతి మీటింగులోనూ మాతో పాటు కూర్చుంది. ఇప్పుడు మొదటి నెలలో ఎవరికీ అంకెలు చెప్పను.

కాగితం

అసలు చిక్కు నాలుగో నెలలో వచ్చింది. ఎయిర్‌లైన్ తరఫు లాయర్లు ఒక లేఖ పంపారు. సారాంశం ఇది: ఆయన ప్రయాణం సొంత దేశం నుంచి పని చేసే దేశానికి. పని చేసే దేశం మాంట్రియల్ ఒప్పందంలో చేరలేదు. ప్రయాణం మొదలైన దేశం, గమ్యం ఉన్న దేశం రెండూ చేరి ఉంటేనే ఒప్పందం వర్తిస్తుంది. కాబట్టి పాత వార్సా ఒప్పందమే వర్తిస్తుంది. పైగా ఆయన నివాసం కూడా పని చేసే దేశమే, అక్కడ ఆయనకు అద్దె ఇల్లు, నివాస అనుమతి ఉన్నాయి. కేసు వేసుకుంటే అక్కడ వేసుకోండి, లేదా మా హెడ్డాఫీసు ఉన్న చోట వేసుకోండి.

దీని బరువెంతో చెప్పాలి. 1929 నాటి వార్సా ఒప్పందం ఒక్కో ప్రయాణికుడికి పరిమితి 1,25,000 బంగారు ఫ్రాంకులు పెట్టింది. 1955లో హేగ్‌లో దాన్ని రెట్టింపు చేశారు. అయినా డాలర్లలో సుమారు 16,600 మాత్రమే. ఆ పరిమితి దాటాలంటే ఎయిర్‌లైన్ తెలిసి తెలిసి నిర్లక్ష్యంగా ప్రవర్తించిందని మనమే రుజువు చేయాలి. 1995లో కౌలాలంపూర్‌లో కుదిరిన ఒప్పందం కింద చాలా ఎయిర్‌లైన్స్ ఈ పరిమితిని తమంతట తాము వదులుకున్నాయి. ఈ ఎయిర్‌లైన్ ప్రయాణ షరతుల్లో ఆ మాట స్పష్టంగా లేదు. మాంట్రియల్ కిందైతే కథే వేరు. మొదటి అంచెకు వాదన లేదు, ఆ పైనేమో తప్పు లేదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌దే, పై పరిమితి అంటూ లేదు.

లేఖ వచ్చిన సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను.

"అమ్మా, ఆయన టికెట్ ఎవరు కొన్నారు?"

"కంపెనీ వాళ్లే సార్. మెయిల్‌లో వచ్చింది."

"వెళ్లడానికి మాత్రమేనా, తిరిగి రావడానికి కూడానా?"

కాసేపు మాట లేదు. "పాప పుట్టినరోజుకు వస్తానన్నారు సార్. దానికి కూడా అప్పుడే బుక్ చేశారు. ఆ ప్రింటు ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టుకున్నాం. మొన్న తీసేశాను. చూడలేక."

బిల్లుల సంచిలోంచి తీసి మర్నాడు తెచ్చింది. ఒకే పేజీ. ఒకే బుకింగ్ నంబరు, ఒకే టికెట్ నంబరు. పైన వెళ్లే ప్రయాణం, మధ్యలో ఒక గీత, కింద నాలుగు నెలల తర్వాతి తేదీతో తిరిగొచ్చే ప్రయాణం. ఆ తేదీ చుట్టూ స్కెచ్ పెన్నుతో గీసిన గుండ్రం, పక్కనే వంకర అక్షరాలతో "నాన్న". పైన అయస్కాంతం పెట్టిన చోట కాస్త మరక.

రానూ పోనూ టికెట్ ఉన్నప్పుడు చట్టం దృష్టిలో గమ్యం అంటే మధ్యలో దిగే ఊరు కాదు, మళ్లీ బయల్దేరిన చోటే. ఇది కొత్త మాటేం కాదు. 1936లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు గ్రెయిన్ కేసులో ఇదే చెప్పింది. లండన్ నుంచి ఆంట్‌వెర్ప్ వెళ్లి తిరిగొచ్చే టికెట్ మీద ప్రయాణించి చనిపోయిన మనిషి కేసు అది. బెల్జియం అప్పటికి వార్సా ఒప్పందంలో లేదు. అయినా ప్రయాణం లండన్‌లో మొదలై లండన్‌లోనే ముగియాలి కాబట్టి, ఆంట్‌వెర్ప్ మధ్యలో ఆగే చోటు మాత్రమేనని, ఒప్పందం వర్తిస్తుందని కోర్టు తేల్చింది. తమాషా ఏమిటంటే అక్కడ ఆ తీర్పు ఎయిర్‌లైన్‌కు లాభించింది, పరిమితి వర్తించింది కనుక. ఇక్కడ అదే సూత్రం మాకు పనికొచ్చింది. మొదలు, గమ్యం ఒకే దేశమై, మధ్యలో మరో దేశంలో ఆగే చోటుంటే, ఆ ఒక్క దేశం ఒప్పందంలో ఉంటే చాలు.

అదే కాగితం కోర్టు సంగతి కూడా తేల్చింది. 33వ అధికరణం కింద కేసు ఐదు చోట్ల వేయొచ్చు. ఎయిర్‌లైన్ చట్టపరంగా ఉన్న చోటు, దాని ప్రధాన వ్యాపార స్థలం, ఏ ఆఫీసు ద్వారా టికెట్ ఒప్పందం జరిగిందో ఆ చోటు, గమ్యం. ఐదోది, మరణం, గాయాల విషయంలో ప్రయాణికుడి శాశ్వత నివాసం, అక్కడికి ఆ ఎయిర్‌లైన్ సర్వీసులు నడుపుతుంటే. ఐదోదాని మీద వాళ్లు నివాస అనుమతి చూపించి గొడవ పెట్టారు. మా వాదన ముందు గమ్యం మీదే నిలబెట్టాం. నివాసాన్ని రెండో వాదనగా ఉంచాం. పని చేసే దేశం చట్టంలో తల్లిదండ్రులకు దక్కేది దాదాపు ఏమీ లేదు, అందుకే వాళ్లు అక్కడికే తోయాలని చూశారు.

రిటర్న్ తేదీని ప్రమాదానికి ముందు ఒకసారి మార్చారని, కొత్త టికెట్ ఇచ్చినట్టే కాబట్టి అది వేరే ఒప్పందమని చివరి అస్త్రం వేశారు. కంపెనీ ట్రావెల్ డెస్క్ నుంచి మొదటి మెయిల్, మార్పు మెయిల్ రెండూ తెప్పించాం. మార్పు తేదీకి మాత్రమే, బుకింగ్ నంబరు అదే. ఈ ఒక్క ప్రశ్న మీద వాదనలకు తొమ్మిది నెలలు పట్టింది. కోర్టు మా వైపే తేల్చింది.

రిపోర్టు వచ్చాక చూద్దాం అన్న మాట

కేసు వేసింది 14వ నెలలో. అప్పటికి తుది దర్యాప్తు నివేదిక రాలేదు. తమ్ముడికి, పెద్దాయనకు ఇది నచ్చలేదు. "తప్పెవరిదో తేలకుండా ఎవరి మీద వేస్తారండీ?" అన్నారు. వాళ్లు అడిగింది న్యాయమే. కానీ 35వ అధికరణం రెండేళ్ల గడువు పెట్టింది. విమానం చేరిన రోజు నుంచో, చేరాల్సిన రోజు నుంచో, ప్రయాణం ఆగిపోయిన రోజు నుంచో లెక్క. నేను ఎప్పుడూ వీటిలో అన్నిటికంటే ముందు తేదీనే పట్టుకుంటాను. చాలా కోర్టులు దీన్ని మామూలు కాలపరిమితిగా చూడవు, గడువు దాటితే హక్కే పోయినట్టు లెక్కేస్తాయి. ఆలస్యం మన్నించమని అడగడానికి తావుండదు.

దర్యాప్తు మాత్రం దాని దారిన అది నడుస్తుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం ప్రకారం ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో రావాలి. తుది నివేదిక వీలైతే 12 నెలల్లో. ఆ 'వీలైతే' అన్నదాన్ని ఎంతైనా సాగదీయొచ్చు. పైగా ఆ దర్యాప్తు ఉద్దేశం ఇంకో ప్రమాదం జరగకుండా చూడటం, తప్పు ఎవరి మీదో వేయడం కాదని అందులోనే రాసి ఉంటుంది. మా కేసులో తుది నివేదిక 26వ నెలలో వచ్చింది. దాని కోసం కూర్చుని ఉంటే అప్పటికి కేసు లేదు.

ప్రాథమిక నివేదికే మాకు చాలినంత ఇచ్చింది. రిటైరైన ఒక కెప్టెన్‌ను నిపుణుడిగా పెట్టుకున్నాం. ఆయన నా బల్ల మీద కాగితం పరిచి, రన్‌వేకి గీత గీసి, దాన్ని మూడు ముక్కలు చేశాడు. "చక్రాలు మామూలుగా ఈ మొదటి ముక్కలోనే తగలాలి. 3,000 అడుగులో, రన్‌వేలో మూడో వంతో, ఏది తక్కువైతే అది. వీళ్లు ఎక్కడ దించారో చూడండి," అని పెన్ను 4,600 అడుగుల దగ్గర పెట్టాడు. వేగం ఉండాల్సిన దానికంటే 18 నాట్లు ఎక్కువ. వెనక నుంచి గాలి. 1,000 అడుగుల ఎత్తులోనే ఈ సంగతి కాక్‌పిట్‌లో తెలుసు. అప్పుడే మళ్లీ పైకి లేచి చుట్టు తిరిగి రావాల్సింది.

ఎయిర్‌లైన్ వాదన అంతా ఎయిర్‌పోర్టు మీదే. రన్‌వే మీద టైర్ల రబ్బరు పేరుకుపోయిందని, నీళ్లు నిలిచాయని, అందుకే బ్రేకులు పట్టలేదని. అందులో అబద్ధం లేదు. తుది నివేదిక కూడా ఆ మాట చెప్పింది. కానీ 21వ అధికరణం ఎయిర్‌లైన్‌కు ఇచ్చిన దారులు రెండే. తమ తప్పు ఏమాత్రం లేదని చూపించాలి, లేదా నష్టం 'కేవలం' మూడో వ్యక్తి తప్పువల్లే జరిగిందని చూపించాలి. కేసంతా ఆ 'కేవలం' అన్న మాట చుట్టూ తిరిగింది. రన్‌వే ఎంత జారినా, 4,600 అడుగుల దగ్గర దించిన తర్వాత కేవలం రన్‌వేదే తప్పు అనలేరు. ఎయిర్‌పోర్టు నుంచి వాళ్లు ఎంత రాబట్టుకుంటారన్నది వాళ్లిద్దరి లెక్క, కుటుంబానికి సంబంధం లేదు.

తయారీదారు మీద కూడా వేస్తే అమెరికా కోర్టులో పెద్ద మొత్తాలొస్తాయని ఎవరో తమ్ముడికి ఫోన్ చేసి చెప్పారు. ప్రమాదం జరిగిన మొదటి వారం నుంచే ఆ ఫోన్లు మొదలవుతాయి. అమెరికాలోనైతే చట్టం లాయర్లను 45 రోజుల పాటు కుటుంబాల జోలికి పోవద్దంటుంది. 1981లో అమెరికా సుప్రీంకోర్టు పైపర్ కేసులో, ప్రమాదం, బాధితులు వేరే దేశానికి చెందినప్పుడు అక్కడి కోర్టుకే పొమ్మనవచ్చని తేల్చింది. తయారీదారు తప్పుకు బలమైన ఆధారం ఉన్నా ఆ అడ్డంకి దాటాల్సిందే. మా దగ్గర ఆ ఆధారమే లేదు. బ్రేకులు, రివర్సర్లు (ఇంజిన్ తోపును ఎదురు తిప్పి వేగం తగ్గించేవి) పనిచేశాయని విమానంలోని రికార్డర్ చెబుతోంది. వద్దన్నాను. వేరే లాయరైతే వేసేవాడేమో.

లెక్క, ఇల్లు

ఆదాయం లెక్కలో ఎయిర్‌లైన్ మామూలు ఎత్తే వేసింది. జీతంలో ఇంటి అలవెన్సు, విదేశీ అలవెన్సు తీసేసి మూల వేతనం మీద కట్టింది. మంగళూరు ప్రమాదంలోనే ఒక కుటుంబం కేసులో 2020లో భారత సుప్రీంకోర్టు ఈ పద్ధతి కుదరదంది. జీతాన్ని యజమాని రకరకాల పద్దుల కింద ముక్కలు చేసి ఇవ్వొచ్చు గానీ, చనిపోయిన మనిషి ఆదాయం అంటే అతనికి రావాల్సిందంతా. ఆ తీర్పు వేరే చోట కట్టుబడనక్కర్లేకపోయినా, తర్కం ఎక్కడైనా చెల్లుతుంది.

కష్టమైంది డబ్బు లెక్క కాదు, వాటాలు. 20వ నెలలో పెద్దాయన ఒంటరిగా వచ్చి, మొత్తంలో సగం తమకు రావాలన్నాడు. "కోడలు చిన్నది. రేపు ఆమె దారి ఆమెది. మా గతేంటి?" ఆయన అన్న తీరుకు నాకు కోపం రాలేదు, భయం అది. అయినా ఆ క్షణం నుంచి నేను ఇద్దరికీ లాయరుగా ఉండలేను. ఆ తల్లిదండ్రులిద్దరినీ వేరే లాయరును పెట్టుకోమన్నాను. ఆయన నొచ్చుకున్నాడు, రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

దారి చూపింది ఆ కొత్త లాయరే. మొత్తం తెచ్చి పంచుకోవడం కాదు, ఎవరి నష్టం వాళ్లకు విడిగా కడదామంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు తీస్తే, ప్రతినెలా 2వ తేదీన తండ్రి ఖాతాలోకి ఒకే మొత్తం. 61 నెలలు, ఒక్క నెలా తప్పలేదు. పెళ్లిళ్ల ఖర్చున్న నెలలో కూడా. ఆ స్టేట్‌మెంటు చూసినప్పుడు కోడలు, "ఈయన ఇంత పంపేవారని నాకు తెలీదు మావయ్యా" అంది. నిష్ఠూరం లేదు అందులో. తల్లిదండ్రుల క్లెయిము దాని కాళ్ల మీద అది నిలబడింది, ఆమె, పిల్లల వాటాలోంచి ఏమీ తగ్గలేదు.

తుది నివేదిక వచ్చిన ఆరు వారాలకు మధ్యవర్తి ముందు సెటిలైంది. మొదటి అంచె దాటింది, అంతవరకే చెప్పగలను. పిల్లల వాటాలకు కోర్టు ఆమోదం విడిగా తీసుకుని, వాళ్లు పెద్దయ్యేదాకా డిపాజిట్‌లో ఉంచాం. డబ్బుతో పాటు ఒకటి అడిగాం: ఎయిర్‌లైన్ భద్రతా విభాగం అధికారి ఎవరైనా కుటుంబం ఎదుట కూర్చుని ఆ చివరి ఆరు నిమిషాలు వివరించాలి. బీమా లాయర్లు దీనికి డబ్బు కంటే ఎక్కువ బెదిరారు. చివరికి ఒప్పుకున్నారు. రెండు గంటలు కూర్చున్నారు. పెద్దాయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: మళ్లీ పైకి లేపమని ఎవరైనా అన్నారా? కో పైలట్ ఒకసారి అన్నాడని అధికారి చెప్పాడు. ఇంకేమీ అడగలేదాయన.

కేసు మూసేశాక ఆమె ఫోన్ చేసి, ఆ టికెట్ ప్రింటు తిరిగిస్తారా అని అడిగింది. రికార్డుల సెక్షన్‌లో అర్జీ పెట్టి, నకలు అక్కడ ఉంచి, అసలు తీసుకోవడానికి ఏడు వారాలు పట్టింది. కోర్టు ముద్ర సరిగ్గా రిటర్న్ తేదీ మీదే పడింది. గుండ్రం మాత్రం చెరిగిపోలేదు.